మూడాకుల తీగ

మొదటిరోజు కరరైనా చెప్పింది రెండే మాటలు:
శీతకాలంలో ఆకు రాల్చేది పరాయిది,
రాల్చనిది మనది.

రెండూ ఒకే వంశం.
రెంటికీ ముళ్లు లేవు, నులితీగలు లేవు.
ఆకు కాడే వేలు.
దొరికిన పుల్లకి ఆ కాడ ఒక్క మెలిక వేస్తుంది,
మెలిక ముదిరి కొయ్యబారుతుంది,
ఆకు పోయినా పట్టు పోదు.

పరాయిదానికి కాడకి ఐదేసి ఆకులు,
కాండం పొడుగునా దుక్కి చాళ్లు.
తోటకి అందమని ఎవరో ఓడలో తెచ్చుకున్నారట.
కంచె దాటింది, ఏరు దాటింది,
ఇప్పుడు రంగితీకేయి లోయలో ఎన్నో చెట్లు
దాని నెరిసిన గడ్డం కింద ఊపిరాడక నిలబడున్నాయి.

మనదానికి మూడే. దళసరివి,
నూనె రాసినట్టు మెరిసేవి.
పేరు పువానంగా.
"దాని తల్లీ చుక్కే, తండ్రీ చుక్కే," అంది కరరైనా
రంపానికి ఆకురాయి పెడుతూ.
"చలికాలపు చుక్కకీ ఎండాకాలపు చుక్కకీ పుట్టింది,
అందుకే నడిమధ్యన పూస్తుంది.
మీ సమోవాలో నీ పేరుకి అర్థం చుక్కేగా, ఫెతూ?
చుట్టరికం ఉంది. చూసి కొయ్యి."

చూడటమే కష్టం.
కింద కనబడేది ఉత్త మోకు,
బావి చేంతాడు కంటే లావు.
వేళ్లకి నీడ కావాలి, నాచు కావాలి, తడి కావాలి;
తలకి ఎండ.
ఆకూ పువ్వూ అన్నీ పన్నెండు మీటర్ల పైన.
ఒకచోట ఆ మోకు దేన్నీ తాకకుండా
నడి గాల్లో వేలాడుతోంది.
ఇదెలా ఎక్కిందన్నాను.
"పక్కన ఒక పిల్లచెట్టు ఉండేది.
దాన్ని పట్టుకుని పోయి పెద్దకొమ్మ అందుకుంది.
పిల్లచెట్టు చచ్చి, పుచ్చి, మట్టయింది."
అంతే చెప్పి ముందుకి నడిచింది.

ఇందులో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు.
పువ్వుకి రేకులుండవు,
ఆరు రక్షకపత్రాలే తెల్లబడి రేకుల వేషం కడతాయి.
మగ పువ్వు పెద్దది, నడుమ పచ్చటి పుప్పొడి.
ఆడది కాస్త చిన్నది.
మా వాగుకి ఇటు మగ, అటు ఆడ,
మధ్య ఈగల రాయబారం.

జూలై చివర, వాన, నాలుగున్నరకే మసక.
ఆ రోజుకి అది పన్నెండో మోకు. కాదు, పదమూడోది.
తడిమి చూడలేదు, చేతికి తొడుగులు.
తల ఎత్తలేదు, కళ్లలో వాన.
రంపం మెత్తగా దిగింది.
కోత మీద మందు కూడా పూశాను,
నేర్పినట్టే, అంచు వదలకుండా.

మర్నాడు కరరైనా ఆ మోడు దగ్గర కూర్చుంది.
తిట్టలేదు.
బెరడు చుట్టూ వేలు తిప్పింది,
చాళ్లు తగులుతాయేమో అన్నట్టు,
తగిలితే బాగుండునన్నట్టు.
"ఆడది," అంది.

పైన దానికింకా తెలీదు.
కొన్నాళ్లు ఆకులు పచ్చగానే ఉన్నాయి.
సెప్టెంబరులో లోయంతా తెల్లబడింది,
ఉతికిన దుప్పట్లు చెట్ల మీద ఆరేసినట్టు.
ఇవతలి మగ తీగ ఎన్నడూ లేనంత పూసింది,
లేదా నాకలా అనిపించింది.
అవతల టోటారా చెట్టు మీద
ఎండిన గోధుమరంగు ముద్ద.
పీవకవక పిట్ట ఒకటి అందులోకి దూరి
వెంటనే బయటికొచ్చేసింది.

"పోయినేడు అది గింజ వదిలింది," అంది కరరైనా.
"గింజకో ఈక తోక, గాలి ఎటు తీసుకుపోయిందో.
మొలవడానికి ఆర్నెల్లు పట్టొచ్చు, మూడేళ్లూ పట్టొచ్చు.
మొలకకి మూడాకులుండవు, విడిగా సన్నటి ఆకులే.
గడ్డనుకుని తొక్కకు."

అప్పట్నుంచీ ఆదివారాలు నావి కావు.
వాగు గట్టున మోకాళ్ల మీద పాకుతున్నాను,
జలగలూ బురదా నేనూ.
నిన్నటికి పదకొండు మొలకలకి గుడ్డపీలికలు కట్టాను.
ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే చూసింది.
తొమ్మిది గడ్డి.
ఒకటి ఫెర్న్.
పదకొండోదాని దగ్గర చాలాసేపు వంగి ఉంది.
"ఇప్పుడే చెప్పలేం," అంది,
జడలోంచి పుల్ల తీసి
దాని పక్కన గుచ్చింది.